గాంధీజీతో మాట కలిపిన గోరాగారు

మన సంఘం వార్షిక సంచికలో ఒక నాస్తికుని జీవితం వ్రాయడమేమిటని పెద్దలు కొందరు అడగవచ్చును. మేము ఐదు పూటలా నమాజు చేసుకునేవారమే. దేవుడు లేడన్న ఆయన మాట మాకు సమ్మతం కాదు. అయినా మనతో ఏకీభవించనివారితో ఎలా మాట్లాడాలో ఆయన జీవితంలో చూసి నేర్చుకోవచ్చునని మా నమ్మకం.

గోపరాజు రామచంద్రరావుగారు 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో ఆచారపరులైన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. గోరా అన్న పేరుతోనే అందరికీ తెలుసు. వృక్షశాస్త్రం చదివి కాలేజీలో లెక్చరరు అయ్యారు. జంధ్యం వదిలేసినందుకు తండ్రిగారికి కోపం వచ్చి, ఇల్లు విడవాల్సి వచ్చింది. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడలో ఉద్యోగమూ పోయింది. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో భార్య సరస్వతిగారితో కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు. అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు జరిపించారు. 1947లో కేంద్రాన్ని బెజవాడ పటమటకు మార్చారు.

గాంధీజీ నిండు దైవభక్తులు. అయినా 1944 చివరలో గోరాగారు సేవాగ్రాం వెళ్లి ఆయన్ని కలిశారు. ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకున్నారు. ఒకరినొకరు ఓడించాలని చూడలేదు. అంటరానితనం పోవాలన్న చోట ఇద్దరి దారీ ఒకటే అయింది. ఆ మాటలన్నీ గోరాగారు పుస్తకంగా వ్రాస్తే, 1951లో గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే అచ్చు వేసింది.

అసలు పరీక్ష ఇంట్లో పెళ్లి దగ్గర వచ్చింది. పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుగారికి ఇవ్వాలని గోరాగారు తలచారు. ఆ పెళ్లి సేవాగ్రాం ఆశ్రమంలో జరగడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. దేవుని పేరుకు బదులు సత్యం పేరున ప్రమాణం చేయడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. అయినా ఆశ్రమవాసులు ఆ మాట తప్పలేదు. మార్చి 13న అక్కడే పెళ్లి జరిపించారు. తరువాత కుమారుడు లవణంగారు మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతగారిని చేసుకున్నారు. మన ఫిరదౌసి కథను తెలుగులో కావ్యంగా వ్రాసిన జాషువాగారే ఆయన.

గోరాగారి పనులన్నీ మనకు నచ్చుతాయని మేము అనము. 1972లో బెజవాడలో ఆయన గొడ్డుమాంసంతోపాటు పందిమాంసం కూడా పెట్టి జరిపిన విందు మనకు ససేమిరా సమ్మతం కాదు. 1975 జూలై 26న ఆయన కన్నుమూశారు.

మన ఇళ్లలో చూడండి. పైచదువు దగ్గరో, నిఖా సంబంధం దగ్గరో అబ్బాకూ బిడ్డకూ మాట పడితే, ఏళ్ల తరబడి పలకరింపులుండవు. ఈద్ నాడు కూడా సలాం ఉండదు. ముప్పూటలా అమ్మీ ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. దేవుడున్నాడన్నవారూ లేడన్నవారూ కలిసి నడిచి మాట్లాడుకోగలిగితే, ఒకే దస్తర్‌ఖాన్ మీద తినే మనం మాట్లాడుకోలేమా? ఈ సంచిక చేతికి అందిన రోజే ముందుగా పెద్దవారు నోరు విప్పి పిలవాలని మా మనవి.