నేల కొరకు పోరాడిన దుబాసీ – సోల్ ప్లాట్యే

1913 జూన్ 19వ తేదీన దక్షిణాఫ్రికాలో నేటివుల భూమి చట్టం అమలులోకి వచ్చింది. జనాభాలో మూడింట రెండు వంతులకు మించిన నల్లజాతి ప్రజలకు దేశభూభాగంలో సుమారు ఏడు శాతం మాత్రమే కేటాయించి, ఆ ఎల్లల వెలుపల వారు నేల కొనరాదనీ, కౌలుకు తీసుకొనరాదనీ శాసించిన చట్టమది. ఓటుహక్కు నిబంధన వలన కేప్ రాష్ట్రానికి మాత్రం కొంత వెసులుబాటు దక్కింది. ఈ అన్యాయాన్ని లోకానికి ఎరుకపరచుటే జీవితకార్యంగా స్వీకరించిన మహనీయుడు సాలమన్ త్షెకిషో ప్లాట్యే.

ఆయన 1876 అక్టోబరు 9న ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని బోషోఫ్ సమీపాన త్స్వానా కుటుంబంలో జన్మించారు. ప్నియెల్‌లోని జర్మన్ మిషను బడిలో ఆయన చదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసింది. 1894లో కింబర్లీ తపాలా కార్యాలయంలో బంట్రోతుగా చేరి, స్వయంకృషితో పలు భాషలను అభ్యసించి, 1898లో మాఫెకింగ్ న్యాయస్థానంలో దుబాసీ అయ్యారు. దుబాసీ నోట దొర్లిన ఒక్క తప్పు నిర్దోషిని శిక్షకు గురిచేయగలదని ఆయన ఎరుగుదురు. చూచినదానిని చూచినట్లు చెప్పే గుణం ఆయనకు అక్కడే అలవడినదని నేననుకొంటాను.

బోయర్ యుద్ధానంతరం ఆయన పత్రికాసంపాదకులైనారు. ఆ పత్రికలు ఆయనకు కీర్తితోపాటు అప్పులనూ మిగిల్చాయి. 1912 జనవరి 8న బ్లూమ్‌ఫాంటైన్‌లో నల్లజాతి నాయకులు జాతీయ మహాసభను స్థాపించినపుడు ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి. తదుపరి కాలంలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా ప్రసిద్ధికెక్కిన సంస్థ ఇదే.

చట్టం వచ్చిన కొద్ది వారాలకే ఆయన సైకిలుపై ఫ్రీ స్టేట్ పల్లెలకు బయలుదేరారు. మనకు తొలకరి జల్లులు కురిసే ఆ రోజులలో అక్కడ గడ్డకట్టే చలి. అంతవరకు నల్లజాతి రైతులు తమ నాగళ్లు, తమ ఎడ్లతో శ్వేతజాతి భూస్వాముల పొలాలను సగపాలుకు సేద్యం చేసుకొనేవారు. కొత్త చట్టం ఆ ఒప్పందాలను నిషేధించింది. పశువులతో సహా యజమానికి ఊడిగం చేయుటయా, ఇల్లు విడుచుటయా అన్నదే వారి ముందున్న ప్రశ్న. విడిచినవారు మందలతో బాటల వెంట తిరిగారు. మేపుకొనేందుకు నేల లేక పశువులు దారిలోనే కూలిపోయాయి. ఒక కుటుంబంలో పసిబిడ్డ ప్రయాణంలోనే మరణించగా, పాతిపెట్టుటకు తమదనదగిన చోటు లేక తల్లిదండ్రులు రాత్రివేళ పరుల భూమిలో రహస్యంగా గొయ్యి తీసిన ఘట్టాన్ని ఆయన నమోదు చేశారు. 1916లో లండనులో వెలువడిన ఆయన గ్రంథం ‘నేటివ్ లైఫ్ ఇన్ సౌత్ ఆఫ్రికా’లో ఈ వృత్తాంతమున్నది.

1914లో బ్రిటిషు ప్రభుత్వానికి మొర వినిపించుటకు ఐదుగురు ప్రతినిధులు లండను వెళ్లారు. స్వపరిపాలన గల దేశపు చట్టంలో జోక్యం చేసుకొనలేమని అక్కడివారు తప్పించుకొన్నారు. ఇంతలో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. తక్కినవారు తిరిగివచ్చినా ప్లాట్యే 1917 వరకు అక్కడే నిలిచి సభలలో ప్రసంగించారు. 1919లో మరల వెళ్లి ప్రధాని లాయిడ్ జార్జిని కలిశారు. ప్రధాని సానుభూతితో విని దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్‌కు లేఖలు వ్రాశారు గాని, ఫలితం శూన్యం. బ్రిటిషు న్యాయబుద్ధిపై ఆయన పెట్టుకొన్న నమ్మకం మితిమీరినదని చెప్పక తప్పదు. ఆయన ఆశ్రయించిన న్యాయమూర్తి స్వయంగా ప్రతివాది పక్షంవాడే! పిమ్మట అమెరికాలో పర్యటిస్తుండగా, 1921లో స్వదేశంలో కుమార్తె ఆలివ్ మరణించింది. ఆ చివరి గడియలలో తండ్రి ఆమె చెంత లేరు.

1923లో తిరిగివచ్చిన ప్లాట్యేకు రాజకీయాలలో పూర్వపు స్థానం లభింపలేదు. ఆయన మాతృభాషవైపు మరలి షేక్‌స్పియర్ నాటకాలను త్స్వానాలోనికి అనువదించారు. పదేండ్లు అచ్చుకు నోచుకొనని ఆయన ఆంగ్ల నవల ‘మ్హుడి’ 1930లో వెలువడింది.

1932లో జొహానెస్‌బర్గ్‌లో న్యుమోనియాతో ఆయన కన్నుమూశారు. ఆ రోజు జూన్ 19. పందొమ్మిదేండ్ల క్రితం భూమి చట్టం అమలైనది ఆ తేదీననే. ఆ చట్టం 1991లో గాని రద్దు కాలేదు.