పొగకు దారి చూపిన ఫ్రాంక్లిన్

మన బడిలో భౌతికశాస్త్రం చదివిన వారికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే గాలిపటం, తాళంచెవి, పిడుగు గుర్తుకొస్తాయి. నాకూ అంతే. ఇంజినీరునై ఏళ్ల తరబడి బాయిలర్ల దగ్గర, పొగగొట్టాల దగ్గర పనిచేశాక ఆయనలో ఇంకో మనిషి కనిపించాడు. డెబ్భై తొమ్మిదో ఏట ఓడలో కూర్చుని, ఇళ్లలో పొగ గొట్టంలోకి పోకుండా గదిలోకి ఎందుకు తిరగబడుతుందో వివరంగా రాసిన మనిషి. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ఆయన గురించే రాయాలనిపించింది. కారణం చివర చెబుతాను.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. మొత్తం పదిహేడు మంది సంతానం. మగపిల్లల్లో ఈయనే ఆఖరివాడు. బడికి వెళ్లింది రెండేళ్లే. పదేళ్లకు తండ్రి దుకాణంలో, పన్నెండేళ్లకు అన్న జేమ్స్ అచ్చుకూటంలో పనికి కుదిరాడు. అన్నతో పొసగక పదిహేడో ఏట ఫిలడెల్ఫియాకు పారిపోయాడు. అక్కడ సొంత అచ్చుకూటం పెట్టి, పత్రిక, పంచాంగం నడిపి నిలదొక్కుకున్నాడు. 1731లో మిత్రులతో కలిసి చందాల మీద గ్రంథాలయం స్థాపించాడు. నలభై రెండో ఏటకల్లా వ్యాపారాన్ని భాగస్వామికి అప్పగించి, మిగిలిన కాలాన్ని శాస్త్రానికి, ప్రజల పనులకు కేటాయించాడు.

ఆ చలిదేశంలో ఇంటి మధ్య నిప్పు మండాల్సిందే. వేడి సగానికి పైగా గొట్టంలోంచి పోయేది, పొగ మాత్రం గదిలో మిగిలేది. 1740ల తొలినాళ్లలో ఆయన ఇనుప పలకలతో ఒక కొత్త పొయ్యి రూపొందించి, దాని తయారీని వివరిస్తూ 1744లో చిన్న పుస్తకం వేశాడు. అక్కడి గవర్నరు మెచ్చుకుని, కొన్నేళ్లపాటు దాన్ని అమ్మే హక్కు ఆయనకొక్కడికే ఇస్తానన్నాడు. ఫ్రాంక్లిన్ వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టిన వాటితో మనం సుఖపడుతున్నప్పుడు, మనం కనిపెట్టింది ఇతరులకు ఉచితంగా ఇవ్వడమే న్యాయమని ఆయన అభిప్రాయం. లండన్‌లో ఒక ఇనుప సామాన్ల వర్తకుడు అందులో చిన్నచిన్న మార్పులు చేసి పేటెంటు తీసుకుని బాగా సంపాదించాడు. ఫ్రాంక్లిన్ తగాదాకు పోలేదు. నిజం చెప్పాలంటే ఆ పొయ్యిలోనూ లోపం ఉంది. పొగ ముందు కిందికి దిగి తర్వాత పైకెక్కాలి. గొట్టం వేడెక్కేదాకా అది లాగేది కాదు. తర్వాతివాళ్లు దాన్ని సరిచేశారు.

ఫిలడెల్ఫియా వీధి దీపాల కథా ఇలాంటిదే. లండన్ నుంచి తెప్పించిన గుండ్రటి గాజు బుడ్లు కిందినుంచి గాలి దూరే దారి లేక, పొగ లోపలే తిరిగి, కొద్ది గంటలకే మసిబారేవి. నాలుగు చదును అద్దాలు బిగించి, పైన పొడవాటి గొట్టం, కింద గాలికి సందులు పెట్టమని ఫ్రాంక్లిన్ సూచించాడు. దీపం తెల్లవారేదాకా వెలిగింది. ఒక అద్దం పగిలితే అదొక్కటే మార్చుకోవచ్చు.

ఆయన జీవితంలో వెలుగుతోపాటు మసీ ఉంది. 1764లో రాయబారం మీద లండన్ వెళ్లి పదేళ్లు ఉండిపోయాడు. భార్య డెబొరా 1774లో ఆయన్ని మళ్లీ చూడకుండానే కన్నుమూసింది. ఆయన అమెరికా స్వాతంత్ర్యం కోసం నిలబడితే, కొడుకు విలియం ఇంగ్లండు రాజు పక్షాన నిలిచాడు. తండ్రి క్షమించలేకపోయాడు. ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి 1785 జులైలో స్వదేశానికి బయలుదేరినప్పుడు, సౌతాంప్టన్ రేవులో ఇద్దరూ కలిశారు. ఆస్తుల లెక్కలు తేల్చుకుని విడిపోయారు. మళ్లీ ఎన్నడూ కలవలేదు.

ఆ రేవు నుంచి బయలుదేరిన ఓడలోనే, వియన్నాలోని ఇంగెన్‌హౌజ్ అనే వైద్య మిత్రుడికి పొగ గురించి ఆ ఉత్తరం రాశాడు. ఊళ్లో పొగలన్నింటికీ పరిష్కారం చెప్పగలిగినవాడు తన ఇంటి పొగను మాత్రం పోగొట్టుకోలేకపోయాడు.

ఆ ఉత్తరంలో పొగ తిరగబడడానికి తొమ్మిది కారణాలు చెప్పాడు. మొదటిది మనందరికీ పనికొచ్చేది. గదిలోకి కొత్త గాలి రాకపోతే పొగ బయటికి పోదు. మా ఇంట్లో పొగలేని పొయ్యి పెట్టిన రోజుల్లో, వానాకాలం తలుపు, కిటికీ మూసేసరికి అమ్మ కళ్లు ఎర్రబడేవి. నాన్న గొట్టం రెండడుగులు పెంచారు, ఫలితం లేదు. నేను ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చి గోడ అడుగున చిన్న రంధ్రం కొట్టాను. పొగ సర్దుకుంది. ఇంత దానికి అంత చదువెందుకురా అని అమ్మ నవ్వింది.

పక్కనున్న ఎత్తైన భవనం మీదుగానో కొండ మీదుగానో గాలి ఆనకట్ట దాటిన నీళ్లలా కిందికి దూకి గొట్టంలోకి కొట్టడం ఇంకో కారణం. దానికి రేకుతో చేసిన తిరిగే టోపీ మందు. పైనా మూడు వైపులా మూత, ఒక వైపు తెరపి. గాలిమరలాంటి పలక దాన్ని తిప్పుతుంటే టోపీ ఎప్పుడూ గాలికి వీపు చూపిస్తుంది. ఆ టోపీ తాను కనిపెట్టానని ఆయన చెప్పుకోలేదు.

తన ఓటమినీ దాచలేదు. లండన్ దగ్గర ఒక మిత్రుడి ఇంట్లో ఎన్ని విధాల చూసినా కారణం అంతుపట్టలేదు. ఈ విద్య తెలియని ఆ మిత్రుడే తర్వాత నిచ్చెన వేసుకుని గొట్టంలోకి తొంగిచూశాడు. లోపల పుల్లలు, గడ్డి, బంకమట్టి, ఈకలు. ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల్లో పక్షులు గూడు కట్టుకున్నాయి. సైటుకు వెళ్లి చూడకుండా లెక్కలు వేసే కుర్ర ఇంజినీర్లకు నేను ఈ కథే చెబుతుంటాను.

అదే ప్రయాణంలో ఓడల గురించీ రాశాడు. నీటిని చీల్చుకుపోయేలా ఓడ అడుగును మలచడంలో తీసుకునే శ్రద్ధ, పైన గాలికి ఎదురయ్యే భాగాల విషయంలోనూ ఉండాలన్నాడు. ఈనాడు హైవే మీద కంటైనర్ లారీల క్యాబిన్ పైన వంపుగా ఉండే పలక గాలిని పైకి మళ్లించి డీజిల్ ఆదా చేస్తుంది. అది ఆయన కనిపెట్టింది కాదు, కానీ ఆ ప్రశ్న ఆయన అప్పుడే వేశాడు. పొగగొట్టం టోపీ అయినా, లారీ పలక అయినా చేసే పని ఒకటే. గాలితో తలపడకుండా దానికి దారి చూపడం.

ఒకప్పుడు ఇంట్లో బానిసలను ఉంచుకున్న ఆయన, చివరి ఏళ్లలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో కాంగ్రెస్‌కు అర్జీ పంపాడు. ఏప్రిల్ 17న, ఎనభై నాలుగో ఏట మరణించాడు.

చివర చెబుతానన్న కారణం ఆయన వీలునామాలో ఉంది. బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకు చెరి వెయ్యి పౌండ్లు, చేతిపని నేర్చుకుని సొంతంగా బతకాలనుకునే యువకులకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చేందుకు రాశాడు. రెండు వందల ఏళ్లపాటు ఆ నిధి నడవాలన్నాడు, నడిచింది. అలాగే బోస్టన్ ఉచిత పాఠశాలలకు నూరు పౌండ్లు, ఏటా బాగా చదివే పిల్లలకు వెండి పతకాలు ఇచ్చేందుకు రాశాడు. తన తొలి అక్షరాలు ఆ బడుల భిక్షేనని అందులో గుర్తుచేసుకున్నాడు. చదివింది రెండేళ్లు. డెబ్భై ఏళ్లు దాటినా ఆ రుణం మరచిపోలేదు.

మనం మన బడిలో అంతకంటే ఎక్కువ ఏళ్లే చదివాం. స్వర్ణోత్సవ వేదిక దిగి ఇళ్లకు వెళ్లేటప్పుడు ఆ లెక్క ఒకసారి చూసుకుందాం.