చేతికందిన సంఖ్య – మరియా మాంటిస్సోరి

ఒకటి నుండి నూరు వరకు తడబడకుండా అప్పజెప్పే నాలుగేళ్ల బాలుని ముందు చింతగింజలు పోసి, ఏడు గింజలు ఏరి ఇమ్మంటే తికమకపడటం మనం చూస్తూనే ఉంటాం. నోటికి వచ్చిన సంఖ్య చేతికి ఇంకా రాలేదన్నమాట. ఈ లోపాన్ని సరిదిద్దే మార్గం చూపిన విదుషీమణి మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె పట్టణంలో జన్మించారు. వైద్యవిద్య స్త్రీలకు అందని ఫలంగా ఉన్న ఆ కాలంలో, తండ్రికి ఇష్టం లేకపోయినా పట్టుదలతో చదివి 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుండి పట్టా పొందారు. పిమ్మట మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ, మందబుద్ధులని ముద్రపడిన పిల్లలను పెద్ద రోగుల నడుమ ఉంచడం చూసి చలించిపోయారు. ఆ చిన్నారులకు చేతపట్టి ఆడుకోవడానికి ఒక్క వస్తువైనా లేదు. వారికి కావలసినది మందు కాదు, విద్య అని ఆమె నిశ్చయించారు. ఆమె వద్ద శిక్షణ పొందినవారిలో కొందరు సాధారణ బాలల పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. లోకం ప్రశంసించింది. ఆరోగ్యవంతులైన పిల్లలు అంతకంటె ఎందుకు ముందుకు పోలేకపోతున్నారన్నదే ఆమెను వేధించిన ప్రశ్న.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదవాడలో కార్మికుల పిల్లల కోసం ‘బాలల గృహం’ ప్రారంభమైంది. తరువాతి కాలంలో ఆమె విధానంలో గణితానికి ప్రత్యేకమైన ఉపకరణాలు రూపొందాయి. వాటిలో కదుళ్ల పెట్టె ఒకటి. సున్న నుండి తొమ్మిది వరకు అంకెలు వేసిన అరలు పది, కదుళ్లు సరిగా నలభై అయిదు. ఏ అంకెకు ఆ అంకె చొప్పున కదుళ్లను కట్టగట్టి అరలో ఉంచాలి. సున్న అర ఖాళీగానే ఉంటుంది. ఎక్కడైనా లెక్క తప్పితే చివర కదుళ్లు చాలవు, లేదా మిగిలిపోతాయి. ఇక గురువు బెత్తంతో పనియేమున్నది?

బంగారు వన్నె పూసలు మరింత రమణీయమైనవి. విడిపూస ఒకటి, పది పూసలను తీగకు గుచ్చితే పది, పది తీగలు కలిపితే నూరు పూసల చదరం, పది చదరాలు పేర్చితే వేయి పూసల ఘనం. తొమ్మిదింటికి మరొకటి చేరగానే బాలుడు విడిపూసలు ఇచ్చివేసి పదిపూసల తీగను తెచ్చుకుంటాడు. కూడికలో ‘చేతిలో ఒకటి’ అని మనం యాంత్రికంగా అనే మాట అక్కడ నిజంగానే చేతిలో ఉంటుంది. వామనగుంటలాడిన మన బాలికలకు ఇది బొత్తిగా కొత్తగా తోచకపోవచ్చు.

ఇందరు పిల్లలకు తల్లియైన ఆమె, కన్నకొడుకు బాల్యాన్ని దగ్గరుండి చూడలేకపోయారు. 1898లో అవివాహితగా కన్న మారియోను పల్లెలోని ఒక కుటుంబానికి అప్పగించవలసి వచ్చింది. కౌమారంలో తల్లిని చేరిన అతడే తరువాత ఆమెకు కుడిభుజమయ్యాడు.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై తల్లీకొడుకులు మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో చేరడంతో ఆంగ్ల ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమెపై ఆంక్షలు విధించింది. ఆమె డెబ్బయ్యవ జన్మదినాన కొడుకును విడిచిపెట్టింది. కొడైకెనాల్‌లో కూడ కొంతకాలం నివసించిన ఆమె 1946లో ఐరోపాకు మరలినా, మళ్లీ భారతదేశానికి వచ్చి శిక్షణ కొనసాగించారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

యూరో రాకముందు, 1990 నుండి ఇటలీలో చెలామణి అయిన వేయి లీరాల నోటుపై ఉన్నది ఆమె ముఖమే.