సముద్రం రంగు చూసి ఆగిపోని మనిషి: సర్ సి.వి. రామన్



జిన్నింగ్ మిల్లులో బేరింగ్ వేడెక్కితే పక్కనున్న పత్తికి నిప్పంటుకోవచ్చని మన గుంటూరు, ప్రకాశం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది పైవేడే. లోపలి వేడిని వెలుగుతో కనిపెట్టే దారి ఒకటుంది. దాని వెనుక విశాఖలో చదువుకున్న ఒక పిల్లవాడి జీవితం ఉంది.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రికి విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం రావడంతో బాల్యం అక్కడ గడిచింది. పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించి, 1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖ అధికారిగా కలకత్తా వెళ్లారు.

పిల్లలు స్థిరపడ్డారని మనం నిశ్చింతగా ఉండే ఉద్యోగమది. ఆయన మాత్రం ఆఫీసుకు ముందూ, తర్వాతా బౌబజార్ వీధిలోని పరిశోధనశాలలో గడిపేవారు. 1917లో, జీతం తగ్గుతుందని తెలిసీ, ఆ ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరారు.

1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో వస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. అది ఆకాశపు ప్రతిబింబమేనన్న అప్పటి వివరణ ఆయనకు నచ్చలేదు. నీటి అణువులు కూడా కాంతిని చెదరగొడతాయని చూపి, ఆ దారినే ఏళ్లతరబడి శిష్యులతో పనిచేశారు. 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి, చెదిరిన కాంతిలో కొద్ది భాగం రంగు మారుతుందని కనుగొన్నారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. 1970 నవంబరు 21న బెంగళూరులో కన్నుమూశారు.

ఆ రంగు మార్పే నేడు థర్మామీటరు అయింది. వెంట్రుకంత సన్నని ఆప్టికల్ ఫైబర్‌లోకి లేజర్ పంపితే, దారి పొడవునా కొంత వెలుగు వెనక్కి చెదురుతుంది. అందులో రంగు మారిన భాగం బలాన్ని బట్టి వేడి ఎంతో, తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి ఆ వేడి ఎక్కడో తెలుస్తుంది. కరెంటు కేబుళ్లకు, పైపులైన్లకు, సొరంగాలకు ఇలాగే కాపలా కాస్తున్నారు.

చిన్న లోహ భాగాల్లో బ్రాగ్ గ్రేటింగ్ ఉన్న ఫైబర్ వాడతారు. లోహం వేడెక్కినా, సాగినా అది వెనక్కి పంపే వెలుగు రంగు కొద్దిగా మారుతుంది. కరిగిన లోహంలో పెడితే ఫైబర్ పూత మాడిపోతుంది. అందుకే పల్చని లోహపు రేకులను కరిగించకుండా, అల్ట్రాసోనిక్ కంపనాలతో అతికిస్తూ, మధ్యలో ఫైబర్‌ను పొదుగుతున్నారు.

సెలవుల్లో సూర్యలంకకో, వాడరేవుకో వెళ్లినప్పుడు, ఒడ్డున మట్టిరంగు నీళ్లు దూరాన నీలంగా ఎందుకున్నాయని మీ అమ్మాయో, అబ్బాయో అడగవచ్చు. జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, కలిసి వెతకండి. అది సిలబస్‌లో ఉందా అని మాత్రం అడగకండి.