ఫ్రాన్సిస్ థామస్ బేకన్

ఫ్రాన్సిస్ థామస్ బేకన్ (1904 డిసెంబరు 21 - 1992 మే 24) ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల కలయిక నుండి నేరుగా విద్యుత్తును ఇచ్చే క్షార ఇంధన ఘటాన్ని ఆచరణయోగ్యంగా రూపొందించాడు. ఇదే పేరుగల తత్వవేత్త, చిత్రకారుడు వేరు. చిత్రకారుడు కూడా 1992లోనే మరణించడం వలన తేదీల విషయంలో పొరపాటుపడే అవకాశం ఉంది.

తొలి జీవితం

బేకన్ ఎసెక్స్‌లోని బిల్లెరికే వద్ద జన్మించాడు. ఈటన్ పాఠశాలలోను, కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలోను చదివి, 1925లో న్యూకాజిల్‌లోని పార్సన్స్ కంపెనీలో చేరాడు. 1932లో ఒక ఇంజనీరింగు పత్రికలో చదివిన వ్యాసం ఈయన దృష్టిని ఇంధన ఘటం వైపు మళ్ళించింది. కంపెనీకి తెలియకుండా ప్రయోగాలు సాగించగా, విషయం బయటపడిన పిదప ప్రయోగాలో, ఉద్యోగమో తేల్చుకోవలసి వచ్చింది. 1940లో ఉద్యోగం వదులుకున్నాడు. యుద్ధకాలంలో జలాంతర్గాములను కనిపెట్టే పరికరాలపై పనిచేసి, 1946లో కేంబ్రిడ్జిలో పరిశోధన తిరిగి ప్రారంభించాడు.

లోహం ఎంపిక

విలియం గ్రోవ్ 1842 నాటి తన వాయు బ్యాటరీలో గంధకికామ్లం, ప్లాటినం వాడాడు. ఆమ్లానికి తట్టుకొని, చర్యను వేగవంతం చేసే లోహం కావాలంటే ప్లాటినం వంటి ఖరీదైనదే గతి. బేకన్ ఆమ్లానికి బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని తీసుకొని, క్షారంలో నిలిచే చవకైన నికెల్‌ను ఎంచుకున్నాడు. అయితే సాధారణ ఉష్ణోగ్రత వద్ద నికెల్ మందకొడి. అందువలన ఘటాన్ని సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద, ద్రావణం మరిగిపోకుండా అధిక పీడనంలో నడపవలసివచ్చింది. ఎలక్ట్రోడులో వాయువు వైపు పెద్ద రంధ్రాలు, ద్రావణం వైపు సన్న రంధ్రాలు ఉంచి, తలతన్యత బలంతో ద్రవాన్ని నిలిపాడు.

అసలు చిక్కు ఆక్సిజన్ వైపు వచ్చింది. అక్కడ నికెల్ ఆక్సీకరణం చెంది క్షయమయ్యేది. ఏర్పడే ఆకుపచ్చని ఆక్సైడు విద్యుత్తును సాగనివ్వదు. ఎలక్ట్రోడును లిథియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి గాలిలో వేడిచేస్తే, విద్యుత్తును ప్రసరింపజేసే నల్లని ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడింది. ఈయన కృషిలో చంద్రయాత్ర కంటే దీనినే ముఖ్యమైనదిగా ఎంచవచ్చు.

1954లో లండన్‌లో ప్రదర్శించినా కొనేవారు ముందుకు రాక పని ఆగిపోయింది. ప్రభుత్వ సంస్థ సహాయంతో పునఃప్రారంభమై, 1959లో 40 ఘటాల బ్యాటరీతో వెల్డింగు యంత్రాన్ని, ఫోర్క్‌లిఫ్టును నడిపి చూపారు. ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ హక్కులు పొంది, అపోలో నౌకల కోసం దీనిని మార్చింది. ఒక్కొక్క నౌకలో మూడు ఉండేవి. వ్యోమగాములు తాగే నీరు కూడా వీటినుండే లభించేది. బేకన్ 1973లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

తరువాతి కాలం

క్షార ద్రావణంతో నీటిని విశ్లేషించే ఎలక్ట్రోలైజర్లలో నేటికీ నికెలే ప్రధాన లోహం. 2024 జనవరి 1న తిరుపతి జిల్లా (2022 వరకు నెల్లూరు జిల్లా) శ్రీహరికోట నుండి ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సీ58 ద్వారా ఇస్రో 100 వాట్ల తరగతి ఇంధన ఘటాన్ని పంపగా, కక్ష్యలో అది 180 వాట్లు ఇచ్చింది. ఇది బేకన్ ఘటం కాదు, పాలిమర్ పొర రకం. అటువంటి పొర ఆమ్ల స్వభావం గలది కాబట్టి, బేకన్ తప్పించుకున్న ప్లాటినం ఈ రకం ఘటాలలో మళ్ళీ అవసరమవుతుంది.