విష్ణు మాధవ్ ఘాటగే

విష్ణు మాధవ్ ఘాటగే (అక్టోబరు 24, 1908 - డిసెంబరు 6, 1991) భారతీయ వైమానిక ఇంజనీరు. మన దేశంలో పూర్తిగా రూపకల్పన చేసి నిర్మించిన తొలి విమానమైన హెచ్.టి-2 శిక్షణ విమానానికీ, తరువాత వచ్చిన జెట్ శిక్షణ విమానం కిరణ్‌కూ ఈయన ప్రధాన రూపకర్త. హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీలో కొన్ని తరాల పైలట్లు శిక్షణ పొందింది ఈ కిరణ్ విమానాల మీదనే. అయినా విమానాన్ని ఎరిగినంతగా దాని రూపకర్తను ఎరిగినవారు తక్కువ.

బాల్యం, విద్యాభ్యాసం

ఘాటగే నేటి మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా గడహింగ్లజ్ తాలూకాకు చెందిన హసూర్‌చంపు గ్రామంలో జన్మించాడు. బొంబాయిలో చదువు ముగించుకొని, ఉన్నత పరిశోధన నిమిత్తం జర్మనీలోని గోటింజెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఆధునిక వాయుగతిశాస్త్రానికి పితామహుడుగా పేరొందిన లుడ్విగ్ ప్రాంట్ల్ అక్కడ ఆచార్యుడు. ఆయన వద్ద పరిశోధన చేసిన అరుదైన భారతీయులలో ఘాటగే ఒకడు. 1936లో డాక్టరేటు పొంది స్వదేశానికి తిరిగి వచ్చాడు.

గోటింజెన్‌లో ఆయనకు అబ్బినది సిద్ధాంతం ఒక్కటే కాదు. అక్కడి ప్రయోగశాలలో ఎన్నో రకాల రెక్కల మధ్యచ్ఛేదాలను విండ్ టన్నెల్‌లో ఉంచి, వాటి ఉత్థాపన బలాన్ని, వెనుకకు లాగే అవరోధ బలాన్ని కొలిచి పట్టికలుగా ప్రచురించేవారు. ఒక నిష్పత్తిలో ఉన్న రెక్కపై కొలిచిన విలువలను వేరొక నిష్పత్తిలో ఉన్న రెక్కకు మార్చుకొనే పద్ధతిని ప్రాంట్ల్ సిద్ధాంతమే చూపింది. కొలత, సిద్ధాంతం రెండూ కలిస్తేనే విమాన రూపకల్పన సాధ్యమవుతుందన్నది ఆ సంప్రదాయంలోని ముఖ్యాంశం.

బెంగుళూరులో

1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ భాగస్వామ్యంతో బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించాడు. ఘాటగే అందులో వాయుగతిశాస్త్ర నిపుణుడుగా చేరాడు. ఆ సంస్థ మొదట చేపట్టిన హార్లో శిక్షణ విమానం అమెరికా నుండి వచ్చిన భాగాలను ఇక్కడ జోడించినదే. జోడించడానికి పటాలు చాలు. రూపొందించాలంటే సంఖ్యలు కావాలి. ఆ సంఖ్యలను సంపాదించే ప్రయోగశాలగానీ, వాటిని వాడగల ఇంజనీర్లుగానీ అప్పటికి దేశంలో లేరనే చెప్పవచ్చు. యుద్ధకాలంలోనే ఘాటగే పదిమంది కూర్చొనగల జి-1 అనే గ్లైడరును రూపొందించాడు. అది ఉత్పత్తి దశకు చేరలేదు.

1942 డిసెంబరులో భారతీయ విజ్ఞాన సంస్థలో వైమానిక ఇంజనీరింగు విభాగం ప్రారంభమైనపుడు దాని తొలి అధిపతి ఘాటగే. విభాగపు తొలి విండ్ టన్నెల్ ఆయన పర్యవేక్షణలోనే రూపుదిద్దుకొంది. ఆ రోజుల్లో ఈ పనికి వచ్చిన గుర్తింపు స్వల్పమే గాని, తరువాతి విమానాలన్నిటికీ పునాది ఇదేనని చెప్పాలి.

శిక్షణ విమానానికి కావలసిన సమాచారం

శిక్షణ విమానాన్ని యుద్ధ విమానం కంటే తేలికైన పని అనుకోవడం పొరపాటు. దానిని నడిపేవాడు తప్పులు చేస్తాడని ముందే తెలుసు. అందుచేత వేగం తగ్గినపుడు రెక్కలపై ఉత్థాపన బలం ఏ కోణం వద్ద పడిపోతుంది, పడిపోయేముందు విమానం ఏదైనా హెచ్చరిక ఇస్తుందా, రెక్క మొదట కుదురు వద్ద పట్టు కోల్పోతుందా లేక కొన వద్దనా, గిరికీలు తిరుగుతూ క్రిందికి జారినపుడు తోక భాగంలోని చుక్కాని పనిచేస్తుందా అన్నవన్నీ రూపకర్తకు తెలియాలి.

హెచ్.టి-2 బరువు సుమారు 1,016 కిలోలు, రెక్కల వైశాల్యం 16 చదరపు మీటర్లు. అనగా ప్రతి చదరపు మీటరుపై దాదాపు 63.5 కిలోల బరువు పడుతుంది. ఉదాహరణకు రెక్క ఇవ్వగల గరిష్ఠ ఉత్థాపన గుణకం 1.5 అనుకొంటే, సముద్రమట్టం వద్ద ఆ విమానం నిలువగల కనీస వేగం గంటకు సుమారు 94 కిలోమీటర్లు. అదే గుణకం నిజానికి 1.3 అయితే అది 100 కిలోమీటర్లు దాటుతుంది. పట్టికలో ఇంత చిన్న పొరపాటు దొర్లినా, నేలకు చేరువలో 95 కిలోమీటర్ల వేగంతో దిగుతున్న విద్యార్థి కూలిపోతాడు.

ఇందుకు కావలసిన విలువలు రూపకర్తలకు మూడు మార్గాల్లో లభించేవి. మొదటిది గోటింజెన్ పట్టికలు, అమెరికాలోని నాకా సంస్థ నివేదికల వంటి ప్రచురిత సమాచారం. రెండవది విండ్ టన్నెల్‌లో చిన్న నమూనాలపై చేసే కొలతలు. అయితే చిన్న నమూనాకు, అసలు విమానానికి రేనాల్డ్స్ సంఖ్య వేరు కాబట్టి ఈ కొలతలను సవరించక తప్పదు. మూడవది విమానాన్నే ఎగురవేసి చూడడం. గిరికీల విషయంలో సాధారణ విండ్ టన్నెల్ అంతగా ఉపయోగపడదు. చివరి తీర్పు పరీక్షా పైలట్ ప్రాణం పణంగా పెట్టి తేల్చవలసిందే.

హెచ్.టి-2

1948లో ఘాటగే ప్రధాన రూపకర్తగా హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌కు తిరిగి వచ్చాడు. ఆయన నాయకత్వంలో రూపొందిన హెచ్.టి-2 1951 ఆగష్టు 5న మొదటిసారి ఎగిరింది. ఇది పూర్తి లోహ నిర్మాణం, క్రింది వైపు అమర్చిన రెక్కలు గలది; శిక్షకుడు, విద్యార్థి ఒకరి వెనుక ఒకరు కూర్చొంటారు. 1952 ఫిబ్రవరిలో ఎగిరిన రెండవ నమూనాకు 155 అశ్వశక్తి గల సిరస్ మేజర్ ఇంజను అమర్చారు. ఇంత తక్కువ శక్తితో ఇద్దరిని మోయాలంటే అవరోధ బలం లెక్క ఎంత కచ్చితంగా ఉండాలో ఊహించవచ్చు. గరిష్ఠ వేగం గంటకు 209 కిలోమీటర్లు.

సుమారు 170 విమానాలు తయారయ్యాయి. వాయుసేనతో పాటు ఫ్లయింగ్ క్లబ్బులు కూడా వీటిని వాడాయి. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండిన బీదరులో తరువాత వెలసిన ప్రాథమిక వైమానిక పాఠశాలలో ఎందరో తొలి పాఠాలు నేర్చుకొన్నది దీనిపైనే. ఘనా దేశానికి కూడా 12 విమానాలు వెళ్ళాయి. 1961లో ఎగిరిన మారుత్‌ను తొలి స్వదేశీ విమానంగా కొందరు పొరబడుతుంటారు. అది జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ బృందం తీర్చిన యుద్ధ విమానం, హెచ్.టి-2 దానికి పదేళ్ళు ముందుది.

పుష్పక్, క్రిషక్, కిరణ్

తేలికపాటి విమానం పుష్పక్ 1958లోను, సైన్యపు పరిశీలన పనులకు ఉద్దేశించిన క్రిషక్ 1959లోను ఎగిరాయి. 1961 ప్రాంతంలో జెట్ శిక్షణ విమానం పని మొదలైంది. జెట్ వేగాల వద్ద హెచ్.టి-2 అంకెలు చాలవు గనుక అన్నీ మళ్ళీ లెక్కించవలసివచ్చింది. 1964 సెప్టెంబరు 4న కిరణ్ తొలిసారి ఎగిరింది. ఇందులో శిక్షకుడు, విద్యార్థి ప్రక్కప్రక్కన కూర్చొంటారు. విద్యార్థి చేతులు ఏం చేస్తున్నాయో శిక్షకునికి కనబడుతుంది గాని, అందుకోసం విమానం ముందుభాగం వెడల్పై అవరోధ బలం పెరుగుతుంది. 1968 నుండి వాయుసేనకు అందిన ఈ విమానాలు దుండిగల్, హకీంపేటలలో దశాబ్దాలపాటు పనిచేశాయి. 1996లో ఏర్పడిన సూర్యకిరణ్ విన్యాస బృందం వాడినది దీని రెండవ రకాన్నే.

గుర్తింపు

భారత ప్రభుత్వం 1965లో ఘాటగేను పద్మశ్రీతో సత్కరించింది. ఏరోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా ఆయన పేరిట పురస్కారాన్ని నెలకొల్పింది. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు చెందిన సమావేశ మందిరానికి కూడా ఆయన పేరే పెట్టారు. ఘాటగే 1991 డిసెంబరు 6న మరణించాడు.