దోమల్లో ఏ దోమ?

మూసారాంబాగ్ నుంచి మూసీ వంతెన దాటి అంబర్‌పేట మీదుగా వెళ్తే నల్లకుంట వస్తుంది. అక్కడి ఫీవర్ ఆస్పత్రి తెలియని కుటుంబం ఈ వైపు ఉండదు. పాతతరం వాళ్లు దాన్ని ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి నలిగి అలా అయింది. ఆస్పత్రి అసలు పేరులో మాత్రం ఒక మనిషి ఉన్నారు: సర్ రోనాల్డ్ రాస్. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందనడానికి తొలి గట్టి ఆధారం ఆయనకు దొరికింది ఈ ఊళ్లోనే, బేగంపేటలో.

స్కూలు పుస్తకంలో ఇది రెండు లైన్ల కథ. రాస్, దోమ, నోబెల్ బహుమతి. అంతే. ఆ ఆధారం దొరికేలోపు ఆయన రెండేళ్లకు పైగా సంబంధం లేని దోమల్ని కోసి చూస్తూ గడిపారన్న ముక్క అందులో ఉండదు. మూసీ పక్కన కాపురం ఉండేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఆ ముక్కే.

రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలోని అల్మోరాలో పుట్టారు. తండ్రి సైనికాధికారి. ఎనిమిదేళ్లప్పుడు చదువుకోసం ఇంగ్లండు పంపారు. పిల్లాడికి కవిత్వం, బొమ్మలు, సంగీతం, లెక్కలు ఇష్టం. డాక్టరు కావాలన్నది తండ్రి కోరిక. ఎవరి కోరిక నెగ్గిందో చెప్పక్కర్లేదు, మన ఇళ్లలో చూస్తున్నదే. లండన్‌లో వైద్యం చదివినా మనసు పెట్టలేదు. ఒక పరీక్ష తప్పి, కొన్నాళ్లు ఓడ మీద డాక్టరుగా పనిచేసి, చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చారు.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆయన గది నిండా దోమలు. కిటికీ బయట ఒక నీళ్ల తొట్టి ఉంది, దాని నిండా దోమల పిల్లలు. తొట్టి బోర్లించగానే గదిలో దోమలు తగ్గిపోయాయి. మిగతా తొట్లు కూడా ఖాళీ చేయిద్దామని ఒక అధికారిని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. దోమకూ జ్వరానికీ సంబంధం ఉందన్న ఆలోచన రాస్‌కు అప్పటికి లేదు. నిద్ర పట్టడం లేదని తొట్టి బోర్లించారు, అంతే.

మలేరియా అన్న మాటకు అర్థం చెడు గాలి. మురికి నేలల మీంచి లేచే ఆవిర్లే జ్వరానికి కారణమని శతాబ్దాలుగా నమ్మారు. 1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని చూశారు. రాస్ మొదట దీన్ని నమ్మలేదు. తన రోగుల రక్తంలో అది కనబడలేదు కాబట్టి ఇదంతా పేగుల జబ్బని వ్యాసాలు కూడా రాశారు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు ఆ క్రిమిని మైక్రోస్కోపులో చూపించాక గానీ మనసు మారలేదు. ఈ మాన్సన్ సామాన్యుడు కాదు. బోదకాలు తెచ్చే పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లోనే చైనాలో ఉండగా కనిపెట్టారు. మలేరియాకూ దోమే దారి అయి ఉంటుందని ఆయన ఊహ. అయితే రోగి రక్తం తాగిన దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందనీ అనుకున్నారు. సగం ఒప్పు, సగం తప్పు.

1895లో రాస్ సికింద్రాబాద్ దండులో చేరారు. పటాలం ఆస్పత్రి బేగంపేటలో. మలేరియా రోగుల్ని దోమతెరలో పడుకోబెట్టడం, లోపలికి దోమల్ని వదలడం, కుట్టిన దోమల్ని సీసాల్లో పెట్టి తర్వాత ఒక్కొక్కటీ కోసి చూడడం, ఇదీ పని. మాన్సన్ ఊహను పరీక్షించడానికి అలాంటి దోమలు చచ్చిన నీళ్లను ఆరోగ్యవంతులకు తాగించి కూడా చూశారు. ఇవాళ ఏ నైతిక కమిటీ ముందూ నిలవని పని అది. దానివల్ల తేలిందీ ఏమీ లేదు.

దోమల శాస్త్రం రాస్ చదువుకోలేదు. వాటికి ఆయన పెట్టుకున్నవి సొంత పేర్లు: బూడిదరంగు దోమలు, చారల దోమలు. చేతికి దొరికినవి అవే, పెంచినవి అవే, కోసినవీ అవే. ఒక్కదానిలోనూ మలేరియా క్రిమి పెరగలేదు. మధ్యలో కలరా పని మీద బెంగళూరు పంపించారు. 1897లో నీలగిరుల దగ్గర సిగూర్ ఘాట్‌లో పరిశోధించబోయి తనే మలేరియా తెచ్చుకున్నారు. ఆ ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్.

ఆ వేసవి చివర వానలు సరిగ్గా పడలేదు. ఉక్కపోత. పంకా వేస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి, వేయకపోతే కళ్ల చుట్టూ చిన్న ఈగలు. చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, అద్దం చిట్లింది. ఆగస్టు మధ్యలో ఆయన మనుషులు తెచ్చిన సీసాలో కొత్త రకం దోమలు పుట్టాయి. రెక్కల మీద మచ్చలు. వాలినప్పుడు ఒళ్లు గోడకు సమంగా ఉండదు, తోక పైకి లేచి ఏటవాలుగా ఉంటుంది. ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్ అనే రోగి మీద వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా కూలి. కొన్ని దోమలు చచ్చాయి, కొన్నిటిని కోస్తే ఏమీ కనబడలేదు. 20వ తేదీకి రెండే మిగిలాయి. వాటిలో ఒకదాన్ని కోసి పొట్ట గోడంతా చూసుకుంటూ వస్తుంటే గుండ్రటి కణాలు కనబడ్డాయి, వాటిలో నల్లటి రేణువులు. మలేరియా రోగుల రక్తంలోని క్రిమిలో ఉండేవీ అచ్చం ఆ రేణువులే. మర్నాడు చివరి దోమను కోశారు. కణాలు అలాగే ఉన్నాయి, ముందురోజుకంటే పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో బతికి పెరుగుతోంది. ఆ రోజే కవిత రాసి భార్య రోసాకు పంపారు. నాన్నగారు మాన్పించిన అలవాటు పూర్తిగా పోలేదన్నమాట. ఆ ఆగస్టు 20నే ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు.

ఇంత జరిగాక ప్రభుత్వం చేసిందేమిటంటే, వచ్చే నెలలోనే ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా లేదు. మాన్సన్ లండన్‌లో పట్టుబట్టి మాట్లాడబట్టి 1898 ఫిబ్రవరిలో కలకత్తాకు మార్చారు. అక్కడ మనుషుల్ని వదిలి పక్షులకు వచ్చే మలేరియాను పట్టుకున్నారు. సహాయకుడు మహమ్మద్ బక్స్ దోమల్నీ పిచ్చుకల్నీ తెచ్చి సాకేవాడు. జులైకల్లా దారంతా తేటపడింది: క్రిమి దోమ పొట్ట గోడలో పెరిగి, ఒళ్లంతా పాకి, లాలాజల గ్రంథుల్లో చేరుతుంది. దోమ కుట్టినప్పుడు ఆ లాలాజలంతో కొత్త ఒంట్లోకి దిగుతుంది. నీళ్లు తాగడం మాటే లేదు. అదే ఏడాది చివర ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనుషుల మలేరియా మోసేది అనాఫిలిస్ దోమలేనని నిరూపించారు. బేగంపేట సీసాలో పుట్టిన మచ్చల రెక్కల దోమ ఆ జాతిదే.

1902 నోబెల్ రాస్ ఒక్కరికే వచ్చింది. గ్రాసీతో తగువు బతికినన్నాళ్లూ సాగింది, మాన్సన్‌తోనూ చెడింది. ఘనత పంచుకోవడం ఆయనకు చేతకాలేదనే చెప్పాలి. అయితే చిత్రం చూడండి. 1898లో అస్సాంలో కాలా అజార్‌ను పరిశీలించి అదీ మలేరియానే అని పొరబడ్డారు. 1903లో లండన్‌లో లీష్మన్, మద్రాసులో డోనవన్ విడివిడిగా దాని అసలు క్రిమిని బయటపెట్టినప్పుడు, ఇద్దరి పేర్లూ కలిపి లీష్మేనియా డోనవని అని పేరు పెట్టింది మళ్లీ రాసే.

ఆ తర్వాత లివర్‌పూల్‌లో ఉద్యోగం, సియెర్రా లియోన్, ఈజిప్టులోని ఇస్మాయిలియా, మారిషస్. పోయిన ప్రతిచోటా ఒకటే మాట, నిలవ నీళ్లు తీసేయమని. దోమల్ని పూర్తిగా చంపడం ఎవరివల్లా కాదని నవ్వినవాళ్లకు ఆయన లెక్కలతో జవాబిచ్చారు. ఒక ఊళ్లో దోమలు ఒక సంఖ్య కన్నా తగ్గితే చాలు, ఒక్కటీ మిగలకుండా చంపనక్కర్లేదు, మలేరియా తనంతట తనే ఆరిపోతుందని 1908 మారిషస్ నివేదికలోనూ, 1911 పుస్తకంలోనూ చూపారు. కోవిడ్ రోజుల్లో టీవీలో విన్న ఆర్ అంకె గుర్తుంది కదా, ఆ లెక్కల వంశవృక్షంలో మొదటివాళ్లలో రాస్ ఒకరు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. బేగంపేట భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది.

రాస్‌ను రెండేళ్లు తిప్పలు పెట్టిన ఆ రెండు రకాలూ మన ఇళ్లలోనే ఉన్నాయి. ఆయన బూడిదరంగు దోమ అన్నది నేటి క్యూలెక్స్. మూసీ మురుగు, గుర్రపుడెక్క, నాలాలు దాని పుట్టిల్లు. రాత్రిళ్లు కుడుతుంది, బోదకాలు తేగలదు, మనుషుల మలేరియా మాత్రం తేలేదు. చారల దోమ ఏడిస్. కూలర్, పూలకుండీ కింది పళ్లెం, పాత టైరు దానికి చాలు. పగలు కుడుతుంది, డెంగీ దీని పని. నగరంలో మలేరియా తెచ్చే అనాఫిలిస్ మూసీ మురుగును ఇష్టపడదు. దానికి కావాల్సింది మూత సరిగ్గా పడని ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, వాడని బావి. కాబట్టి నది ఒడ్డున పొగ బండి తిరిగినంత మాత్రాన మేడమీది మలేరియా దోమ పుట్టడం మానదు.

టార్చిలైటు పట్టుకుని ట్యాంకులోకి ఒకసారి చూడండి. దోమ పిల్లలు తలకిందులుగా వేలాడుతుంటే క్యూలెక్స్ గానీ ఏడిస్ గానీ. నీటి పైపొరకు ఆనుకుని చదునుగా పడుకుని ఉంటే అనాఫిలిస్. గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు పడుతుంది. ట్యాంకు కడిగే రోజుల మధ్య అంతకంటే తక్కువ ఎడం ఉంటే రెక్కలు వచ్చేలోపే అవి నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. కడగడం కుదరనిచోట సన్నటి జాలీ, బిగుతుగా పట్టే మూత.